క్యాచ్ పడితే ఖల్లాస్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని నేనెప్పుడూ బాధపడలేదు. "ఎస్ సార్", "నో సార్", "డ్యూటీ ఫినిష్ సార్" అనే మూడు ముక్కలతో ఈ అరబ్బు దేశంలోని ఖబూరా సైట్‌లో నాలుగు నెలలు నెట్టుకొచ్చాను. అరబ్బీలో నాకొచ్చింది ఒకే మాట, "ఖల్లాస్". అయిపోయిందని అర్థం. అన్నం ఖల్లాస్, సిమెంటు ఖల్లాస్, సెలవు ఖల్లాస్. ఇంత చదువుతో నేను బేస్‌బాల్ ఆటగాణ్ని కూడా అయ్యానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. (ఫొటో చూపిస్తే ఆ టోపీ ఎవరిదని అడుగుతుంది.)

మా పైప్‌లైన్ పని చూసే ఇంజనీరును మేం జపాన్ సార్ అనేవాళ్లం. నవ్వడు, అరవడు, ఒక మాట చాలినచోట రెండు మాట్లాడడు. ఆయనకు బేస్‌బాల్ అంటే ప్రాణం. నాలుగు కంపెనీల వాళ్లు శుక్రవారాలు ఆడుకునే చిన్న లీగ్ ఒకటి ఉండేది, అందులో మా కంపెనీ జట్టు ఆయనదే. ఒకరోజు పైనుంచి ఎవరో జారవిడిచిన హెల్మెట్‌ను నేను ఒంటిచేత్తో అందుకోవడం ఆయన కంటపడింది. జగిత్యాల వైపు కోసేసిన పొలాల్లో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ని, అదొక లెక్కా! సాయంత్రానికల్లా నా చేతికి తోలు గ్లౌజు తొడిగి, గ్రౌండ్ చివర ఎడమపక్క నిలబెట్టి, "యూ, అవుట్‌ఫీల్డర్" అన్నాడు. అవుట్ అన్న మాట వినగానే తీసేశాడేమో అనుకుని గ్లౌజు విప్పబోయాను. మేం కబయన్ అని పిలిచే ఫిలిప్పీన్ ఎలక్ట్రీషియన్ ఆపి, నా పనేమిటో చేతులతో సైగ చేసి చెప్పాడు. బంతి వస్తే పట్టాలి, పట్టి తనకివ్వాలి. మిగతా ఆటంతా తను చూసుకుంటాడు. నేను నేర్చుకున్న బేస్‌బాల్ అంతే.

మొదటి మ్యాచ్ అల్ హైల్ అనే ఊళ్లో. అక్కడి వర్క్‌షాప్‌లో వెల్డర్‌గా ఉన్న మా బావ (మా అక్క భర్త, నాకు వీసా తెప్పించిందీ ఆయనే) బామ్మర్ది ఆట చూడ్డానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆట చివరికొచ్చింది. మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతలివాళ్లు ఇద్దరు, పరుగు మధ్యలో ఆగే గుర్తుల దగ్గర, రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు నిలబడి ఉన్నారు. అంతలో బంతి ఆకాశానికి లేచి సరిగ్గా నా మీదికే వచ్చింది. ఎండ కళ్లలో పొడుస్తున్నా వెనక్కి పరుగెత్తి, పడుతూ లేస్తూ పట్టేశాను. ఇంకేముంది, "ఖల్లాస్!" అని వేలెత్తి, బంతిని పైకి ఎగరేశాను. బావ గ్రౌండ్‌లోకి దూకి, "పట్టిండురా మా బామ్మర్ది!" అంటూ నన్ను భుజాలమీదికి ఎత్తుకున్నాడు. దూరంనుంచి జపాన్ సార్, ఎన్నడూ అరవని మనిషి, "హోం! హోం!" అని గొంతు చించుకుంటున్నాడు. చాల్లే, ఇక ఇంటికి పోదాం అంటున్నాడనుకుని బొటనవేలు చూపించాను.

క్రికెట్‌లో క్యాచ్ పడితే ఆట అక్కడితో ఆగుతుంది. బేస్‌బాల్‌లో ఆగదట! క్యాచ్ పడ్డాక కూడా బేస్‌ల దగ్గరున్నవాళ్లు పరుగు తీయొచ్చట. ఆ ఇద్దరూ ఒకడి వెనక ఒకడు పరుగెత్తడం నేను బావ భుజాలమీదినుంచి స్పష్టంగా చూశాను. ఓడిపోయిన సిగ్గుతో పారిపోతున్నారు పాపం అని జాలి కూడా పడ్డాను. రెండు పరుగులొచ్చాయి, మేం ఓడిపోయాం.

ఖబూరాకు తిరిగివచ్చే బస్సులో జపాన్ సార్ లేచి నా సీటు దగ్గరికొచ్చి, "టుమారో, నో డ్యూటీ. యూ, హోం. ఓన్లీ హోం" అని వెళ్లిపోయాడు. రెండేళ్లదాకా రానని ఊరంతా చెప్పి వచ్చినవాణ్ని, నాలుగు నెలలకే ఏ మొహం పెట్టుకుని బస్సు దిగను? బావకు ఫోన్ చేశాను.

"బావా, నన్ను ఇంటికి పంపుతుండట."

"క్యాచ్ పట్టినందుకా?"

"పట్టినందుకే."

"గిదేం కంపెనీరా! ఇడిచిపెడితే ఇంకేం జేసెటోళ్లో!" అని మండిపడి, అంతలోనే గొంతు తగ్గించాడు. "తప్పు నాది గూడ ఉన్నదిరా. నిన్ను ఎత్తుకున్నది నేనే గద. మీ అక్కకేం జెప్పాలె?"

పొద్దున్నే సూట్‌కేసు సర్దుకున్నాను. నా బకెట్టు పక్క మంచం వాడికిచ్చి, అందరికీ చేతులు జోడించి యార్డ్‌లోకి వచ్చాను. జపాన్ సార్ అక్కడ వంగి నేలమీద ముగ్గుపిండి లాంటిదేదో పోస్తున్నాడు. నన్ను చూసి, "వేర్ గో?" అన్నాడు.

"హోం సార్" అన్నాను. ఏడుపు ఆపుకోలేక చివరి అక్షరం మింగేశాను.

ఆయన నా మొహం చూశాడు, సూట్‌కేసు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వగా ఎవరైనా చూడటం అదే మొదలు. నేలమీద తెల్లగా గీసిన ఐదు మూలల గడిని చూపించి, "దిస్, హోం" అన్నాడు. పరుగెత్తేవాడు చివరికి చేరే చోటును ఆ ఆటలో హోం అంటారట. బంతి అక్కడికి విసరాలట. ఒక సంచినిండా బంతులు నా ముందు గుమ్మరించి, "క్యాచ్, నో ఖల్లాస్" అన్నాడు. పొద్దుగూకేదాకా విసురుతూనే ఉన్నాను. (పక్క మంచం వాడు బకెట్టు మాత్రం తిరిగివ్వలేదు.)

ఆ లీగ్‌లో ఇంకో నాలుగేళ్లు ఎడమపక్క చివరన నిలబడ్డాను. కప్పు ఎప్పుడూ రాలేదు. జపాన్ సార్ తన దేశం వెళ్లిపోయాడు, నేనింకా ఇక్కడే హాయిగా ఉన్నాను. అప్పుడప్పుడు కుడి భుజం సలిపితే, సూట్‌కేసు పట్టుకుని యార్డ్‌లో నిలబడ్డ ఆ బక్కపలచటి కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. బంతి ఎక్కడికి విసరాలో వాడికి తెలియదు. పొమ్మన్నారనుకుని, ఎందుకని ఒక్కమాటైనా అడక్కుండా బయల్దేరాడు పిచ్చోడు.