ఆగిపోయేది చూడటానికి వచ్చినవాళ్ళు

మాది కదిరిలో పరుపులు కుట్టే ఇల్లు. ముందు గదిలో దూది ఏకే మిషన్, దాని పక్కన నాయన కూర్చుని కుట్టే చాప, వెనక గదిలో నా కంప్యూటర్. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా అనుకుంటూ నాయన వెంట పరుపులు కుట్టడం, ఆటోకెత్తి ఇళ్ళకు చేర్చడం మొదలుపెట్టాను. ఉద్యోగం దొరకలేదు. ఆ పనే నా పని అయింది. సాయంత్రం స్నానం చేసి ఒంటికంటిన దూది వదిలించుకున్నాక మాత్రం నేను వేరే మనిషిని. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఐదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆటలో కూర్చునేవాణ్ణి.

మా జట్టును నడిపేవాడు అనంతపురంలో ఉండేవాడు. టౌన్లో బట్టల అంగడి ఉన్నవాళ్ళ కొడుకు, నాకంటే కొంచెం పెద్ద. అందరం అన్నా అనేవాళ్ళం. ఆడుతూనే ఆ ఆటను ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా లైవ్ పెట్టేవాడు. బాగా ఆడేవాడు, అంతకంటే బాగా మాట్లాడేవాడు. ఆ మాటలు వినడానికే జిల్లాలో చాలామంది పిల్లలు సాయంత్రం ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను కంప్యూటర్‌కు ఒక్కొక్క భాగమూ కూడబెట్టుకుంటున్నానని తెలిసి, లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై మాత్రం కొనవద్దన్నాడు. తాను పెద్దది వేసుకున్నానని, పాతది మంచిది ఖాళీగా ఉందని చెప్పి, అనంతపురానికి పిలిపించి సగం ధరకే నాకిచ్చాడు. బస్టాండుదాకా తన బండి మీద దిగబెట్టాడు కూడా. సొంత తమ్ముణ్ణి చూసినట్టు చూస్తున్నాడని ఆ రోజంతా పొంగిపోయాను.

కంప్యూటర్ బిగించుకుని జట్టుతో ఆడిన మొదటి సాయంత్రమే ఆగిపోయింది. ఎదుటి జట్టు మీద పడి కాల్పులు మొదలవగానే తెర నల్లబడింది, లోపల ఫ్యాన్లు ఆగాయి, ఒక క్షణం తర్వాత దానంతటదే మళ్ళీ లేచింది. సినిమా చూస్తే ఆగదు. పాటలు పెడితే ఆగదు. ఆటలో కూడా ఊరికే నడుస్తున్నంతసేపు ఆగదు. సరిగ్గా పోరు ముదిరినప్పుడే పోయేది. మర్నాడూ అంతే.

నేను మళ్ళీ ఆటలోకి వచ్చేసరికి మిగతా నలుగురూ నవ్వుతూ ఉండేవాళ్ళు. ముందు గదిలో మిషన్ తిరిగే చప్పుడు నా మైకులోంచి వాళ్ళకు వినిపించేది. అదేమిటని ఒకడు అడిగితే చెప్పాను. ఆ రోజు నుంచి నా పేరు దూది అయింది. ఇల్లంతా దూది ఎగిరే చోట కంప్యూటర్ పెడితే అది దూది తినక ఏం తింటుందని అన్న లైవ్‌లో అన్నాడు. నేను ఆగిపోయిన ప్రతిసారీ "దూది ఎగిరిపోయింది" అని రాగం తీసేవాడు. చూసేవాళ్ళు అదే మాటను కింద వరసగా రాసేవాళ్ళు. నా వల్ల ఆట ఓడిపోతున్నా అతను కోప్పడలేదు. అది మంచితనం అనుకున్నాను.

మొదట నేనూ దూదినే అనుమానించాను. సీపీయూ మూత విప్పి, బ్రష్షుతో తుడిచి, సైకిల్ పంపుతో ఊదాను. నిజంగానే ఫ్యాన్ల రెక్కలకు తెల్లగా పట్టి ఉంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు తుడిచి కొత్తది పూశాను. అయినా ఆగింది. మైకుతో పని లేనప్పుడు హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్ పెట్టుకునే అలవాటు నాకు. ఆ స్పీకర్లోంచి వాళ్ళ మాటలు నాయన విన్నాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మిషన్ గదిలో లేదు. పక్కింటాయన సాయం పట్టి, దాన్ని సందులోకి దింపి, పైన పాత టార్పాలిన్ కట్టుకుని, ఎండలో కూర్చుని దూది ఏకుతున్నాడు. గాలి వచ్చినప్పుడల్లా దూది సందంతా పరుచుకునేది. ఎదురింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద పడిందని తిట్టేవాళ్ళు. నాయన లేచి, ఆ బట్టల మీది దూది తానే ఏరి వచ్చేవాడు.

ఇక వేడి సంగతి తేల్చుకోవాలని, లోపల ఎంత వేడి ఉందో చూపించే చిన్న ప్రోగ్రాం తెర మూలన పెట్టుకుని ఆడాను. ఆగిపోయిన క్షణంలో కూడా వేడి మామూలుగానే ఉంది. మళ్ళీ మళ్ళీ చూశాను. దూదికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట చెప్పి మిషన్ లోపల పెట్టుకోమన్నాను. నాయన తల ఎత్తలేదు.

"ఉండనీలేప్పా. మళ్ళా ఆగిపోతే దూదే అంటారు వాళ్ళు. ఈడ నాకు బాగనే ఉండాది."

ఆ ఎండలో బాగుండేది ఏమీ లేదు. సాయంత్రానికి ఆయన కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారేవి.

లైవ్‌లో కూడా చెప్పాను, వేడి లేదని, దూది కాదని. "దూది కాదంట, ఊలంట" అన్నాడు అన్న. ఇంకొకడు పరుపు కింద పెట్టి చూడమన్నాడు. నేను వెతుకుతూనే ఉన్నాను. లోపలి ర్యామ్ కార్డులు రెండుంటే ఒకటి తీసి ఒకదానితో ఆడాను, తర్వాత రెండోదానితో. రెండుసార్లూ ఆగింది. మా వీధిలో ఓల్టేజీ సరిగా ఉండదు కాబట్టి సీపీయూను కాలేజీలో నాతో చదివిన ఒక స్నేహితుడి ఇంటికి ఎత్తుకుపోయాను. వాళ్ళింట్లో స్టెబిలైజర్ ఉంది. అక్కడా ఆగింది. అతను తెర మీద బొమ్మలు నడిపే తన గ్రాఫిక్స్ కార్డు విప్పి ఇచ్చాడు. దానితోనూ ఆగింది. నా కార్డు అతని కంప్యూటర్లో చక్కగా నడిచింది.

ఆ రోజుల్లోనే ఒక పిల్లవాడు తన తండ్రితో పరుపు కొనడానికి మా ఇంటికి వచ్చాడు. హాస్టల్‌కు తీసుకుపోవడానికి. నేను కొలత చెబుతుంటే నా మొహంలోకి చూసి, నువ్వు దూదివి కదూ, గొంతు గుర్తుపట్టానన్నాడు. నేను కాదన్నాను. నాయన పక్కనే ఉన్నాడు. లైవ్ సంగతి ఆయనకు తెలియదు. స్నేహితులు నలుగురూ తమలో తాము ఆడుకునే మాటలనే అనుకునేవాడు.

"మావాడేప్పా. కంప్యూటర్లో ఆడుతాడు. నువ్వు కూడా చూస్తావా?"

శానామంది చూస్తారని పిల్లవాడు చెప్పాడు. నాయన మొహం విప్పారింది. పిల్లవాడు ఫోన్ తీసి నా వైపు పెట్టి, ఎగిరిపోయింది అనే మాట ఒక్కసారి అనమన్నాడు. నేను అనలేదు. అనప్పా, పిల్లోడు అడుగుతాండాడు గదా అని నాయన అన్నాడు. అన్నాను. పిల్లవాడు పగలబడి నవ్వాడు. వాడు నవ్వుతున్నాడని నాయన కూడా నవ్వాడు. అమ్మకం అయ్యాక ఆయన ఆ పిల్లవాడి తండ్రితో నా గురించి చాలాసేపు మాట్లాడాడు. పరుపు ఆటోకెత్తి కట్టేవరకూ నేను వాళ్ళ వైపు తిరగలేదు.

ఆ సాయంత్రం జట్టులోకి పోలేదు. ఒక్కణ్ణే కూర్చుని, ఆటలో బొమ్మల నాణ్యత అంతా తగ్గించి, కార్డు మీద బరువు లేకుండా చేసి ఆడాను. ఎంతసేపు కాల్చుకున్నా ఆగలేదు. మళ్ళీ అన్నీ పూర్తిగా పెంచాను. మొదటి పోరులోనే తెర నల్లబడింది. కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు దానికి అందడం లేదు. అందించాల్సింది పవర్ సప్లై. అన్నీ విప్పి చూసిన నేను దాని స్క్రూ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. అన్న ఇచ్చింది కదా అని.

మర్నాడు సీపీయూను బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని అనంతపురం బస్సెక్కాను. దారి పొడుగునా వాన లేక వాడిన శెనక్కాయ చేలు. కంప్యూటర్ భాగాలమ్మే ఒక అంగట్లో నా అనుమానం చెప్పాను. అంగడాయన మూత తీసి వేరే పవర్ సప్లై తగిలించి, ఆట పెట్టి ఆడుకోమన్నాడు. ఆడాను. ఎంత ఆడినా ఆగలేదు. నా దానిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. దాని పక్కన ఆయన అంగడి చీటీ అతికించి ఉంది.

"ఇది బట్టలంగడి పిల్లోనిది గదప్పా. ఆడుతుంటే ఆగిపోతాందని తెచ్చినాడు. ఇది పోయింది, పారేయమని చెప్పినా. కొత్తది తీసుకపోయినాడు. నీ దగ్గరికెట్ల వచ్చె?"

కొత్తది బిగించమని చెప్పి, పాతది చేతిలో పట్టుకుని బట్టల అంగడికి నడిచాను. అన్న గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు, టీ తెమ్మని పనివాడికి చెప్పాడు. ఇది పోయిందని తెలిసే నాకిచ్చావా అని అడిగాను. కాదంటాడని, తెలియలేదంటాడని, ఏదో ఒకటి కల్పించి చెబుతాడని అనుకున్నాను. నేను దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ దానికే.

"తెలుసు" అన్నాడు. "ఊరికే పారేసేదెందుకని ఇచ్చినా. నీకు నడిస్తే నడుస్తాది అనుకున్నా. కానీ నువ్వే చూడు, నీ పేరు ఈ పొద్దు ఎంతమందికి తెలుసు? బాగుండేదిచ్చింటే నిన్నెవరు చూస్తాండ్రి?"

నాయన ఎండలో కూర్చున్నాడని చెప్పాను. మిషన్ సందులోకి దించుకున్నాడని చెప్పాను. అతను నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, పెద్దాయనను లోపలికి పిలుచుకోమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, శుక్రవారం పెద్ద లైవ్ ఉందని, ఆ ఒక్కరోజుకు పాతదే తగిలించుకుని రమ్మన్నాడు. టీ వచ్చింది. తాగకుండా బయటికొచ్చాను. బాగుచేసిన సీపీయూ తీసుకుని, ఆ పాత పవర్ సప్లైను బస్టాండు దగ్గర పాత సామాన్లు కొనే బండిలో పడేశాను.

ఇంటికి వచ్చి నాయన ఎదురుగా కూర్చుని, దూది కాదని, ఒక చెడిపోయిన సామానని, అది మార్చానని విడమరచి చెప్పాను. ఎవరిచ్చారో చెప్పలేదు. ఆ సాయంత్రమే మిషన్‌ను ఇద్దరం పట్టి లోపలికి చేర్చాం. ఆయన కళ్ళ మంట మాత్రం పోలేదు. డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు.

అప్పటికే నేను జట్టు వదిలేసి ఉండాల్సింది. వదల్లేదు. ఒక్కసారి చివరిదాకా ఆడి చూపిస్తే చాలు, అప్పుడు నన్ను నా ఆటతో గుర్తుపెట్టుకుంటారని నమ్మాను. శుక్రవారం కొత్త పవర్ సప్లైతోనే కూర్చున్నాను. పోరు మొదలైంది. చూసేవాళ్ళంతా రాగం తీయడానికి సిద్ధంగా ఉన్నారు. నా తెర వెలుగుతూనే ఉంది. రెండో పోరులోనూ వెలుగుతూనే ఉంది. నేను ఇద్దర్ని పడగొట్టాను, చాలాసార్లు పడిపోయాను. జట్టులో అందరికంటే తక్కువ ఆడింది నేనే. ఇన్నాళ్ళూ ఆగిపోవడం వల్ల ఓడిపోతున్నానని అనుకున్నవాణ్ణి, ఆగకపోయినా నా ఆట అంతేనని ఆ సాయంత్రం అందరితోపాటు నేనూ చూశాను. ఈ పొద్దు ఎగరలేదేమని కింద రాశారు. విసుగ్గా ఉందని రాశారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఆట అవగానే లైవ్ ఆపకుండానే అన్న నాతో మాట్లాడాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"నువ్వు ఇప్పుడు అందరి మాదిరి ఆడుతాండావప్పా. అందరి మాదిరి ఆడేవాళ్ళు ఊరికొకరు ఉండారు. నువ్వు ఇంగ వద్దులే."

నేను ఏదో అనబోయాను. అప్పటికే నన్ను తీసేశారు.

కొన్నాళ్ళకు నా చోట ఒక కొత్తవాడు వచ్చాడు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగి కొడుకు. నాకంటే ఎన్నో రెట్లు బాగా ఆడేవాడు. అతనికి నత్తి. శత్రువులు ఏ మూల దాక్కున్నారో చూసినవాడు జట్టుకు వెంటనే చెప్పాలి. అతనికి మొదటి అక్షరం దగ్గరే మాట ఆగేది. అన్న అతనికి సాయం చేయకుండా, ఆ అక్షరాన్ని అతనితోపాటు పలుకుతూ మాట పూర్తయ్యేదాకా ఎదురుచూసేవాడు. ఈలోగా ఆటలో ఇద్దరూ చచ్చేవాళ్ళు. చూసేవాళ్ళు ఆ అక్షరాన్నే వరసగా రాసేవాళ్ళు. నేనున్నప్పటికంటే ఎక్కువమంది వస్తున్నారు.

నాలుగైదు రోజులు చూసి ఊరుకోలేక అతనికి రాశాను. నేనెవరో చెప్పాను, నాకు ఏం జరిగిందో, అంగట్లో అన్న నాతో ఏమన్నాడో అన్నీ రాశాను. నీ ఆట బాగుంది, వేరే జట్టు చూసుకో అన్నాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"నిన్ను తీసేసినారని నీకు కడుపుమంట. అన్న ముందే చెప్పినాడు నువ్వు ఇట్ల రాస్తావని. నన్ను తమ్ముని మాదిరి చూసుకుంటాండాడు. నీ పని నువ్వు చూసుకో."

మర్నాడు సాయంత్రం లైవ్‌లో నేను రాసిందంతా తెర మీద పెట్టి అన్న పైకి చదివాడు. చదువుతూ ఒకచోట ఆపి, మిగిలింది చదవమని ఆ కొత్తవాడికి ఇచ్చాడు. అతను మొదలుపెట్టాడు. నా పేరు దగ్గరే అతనికి మాట ఆగిపోయింది. నలుగురూ కలిసి ఆ అక్షరాన్ని పలుకుతున్నారు. అతను వాళ్ళతోపాటు తానూ నవ్వుతూ మళ్ళీ ప్రయత్నిస్తున్నాడు.

ముందు గదిలోంచి నాయన, రేపు మడకశిరకు మూడు పరుపులు పోవాలని, కుట్టు ఇంకా మిగిలుందని పిలిచాడు. కంప్యూటర్ ఆపేసి, వెళ్ళి ఆయనకెదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కించాను.