శ్రీరంగం గడప ముందు గుగ్గిలం పొగ

పొజ్జా అనే దోర్ల తెగ రైతును గురించి కోర్టు దస్త్రంలో ఉన్నవి పదకొండు వాక్యాలు. పదకొండూ హిందీలో ఉన్నాయి. పొజ్జాకు హిందీ రాదు. కింద అతని వేలిముద్ర ఉంది. ఆ దస్త్రంలో ఎక్కడా కనిపించని మనిషి అతని భార్య సన్నే. ఈ కథ ఆమెది.

బస్తర్ సంస్థానం దేశంలో విలీనమై అప్పటికి ఇరవయ్యేళ్లు. మన దేశానికీ రష్యాకూ మధ్య వ్యాపార ఒప్పందాలు జోరుగా నడుస్తున్న కాలమది. రెండూ నేల నిండా సంపద ఉన్న దేశాలే. అటునుంచి భిలాయి ఉక్కు కర్మాగారానికి యంత్రాలు వచ్చేవి. ఇటునుంచి తేయాకు, తోళ్లు, లక్క వెళ్లేవి. సంతకాలు చేసిన పెద్దల్లో ఎంతమంది మోదుగు కొమ్మ మీద లక్కపురుగు పాకడం చూశారో నాకు తెలియదు. సన్నే, పొజ్జా ఏటా చూసేవారు. కొమ్మలు నరికి, లక్క గీకి, గంపలకెత్తి కోంట సంతలో సావుకారి శ్రీరంగం గోదాముకు చేర్చేవారు. రష్యాకు పోయే లక్కను ఆ ప్రాంతమంతటా సేకరించే అధికారం శ్రీరంగానిదే.

అరవై ఎనిమిదిలో ఓడరేవు నుంచి సరుకు తిరిగి వచ్చింది. లక్కలో గుగ్గిలం కలిసిందన్నారు. శ్రీరంగం కోర్టుకు వెళ్లి, కలిపినవాడు పొజ్జా అని ప్రమాణం చేసి చెప్పాడు. పొజ్జాకు ఆరు నెలల జైలు పడింది.

దోర్లలో ఎవరిని అడిగినా ఆ కేసు ఒక్క పూటలో వీగిపోయేది. వాళ్లకు గుగ్గిలం అమ్మకపు సరుకు కాదు. అది వాళ్ల దేవత అయిన తల్లి ముందు నిప్పుల మీద వేసేది. ఆ పొగ ఎక్కడ లేచినా, చేతిలో ఏ పని ఉన్నా వదిలి దండం పెట్టాలి. అమ్మే సరుకులో దాన్ని కలపడమంటే తల్లి నోటి ముద్దను అంగట్లో పెట్టడమే. ఈ ఒక్క ముక్క న్యాయస్థానంలో ఎవరూ అడగలేదు. అడగవలసిన వకీలు వాయిదా రోజున రాలేదని ఆ పదకొండు వాక్యాలలోనే ఒకటి చెబుతోంది.

పొజ్జా జగదల్‌పుర్ జైలు నుంచి దగ్గుతో తిరిగి వచ్చాడు. "తల్లి పొగ దొంగ" అని పిల్లలు వెంటపడితే ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. తొలకరికి పోయాడు.

దినాలు కాగానే సన్నే నేరుగా శ్రీరంగం గోదాముకు వెళ్లి పని అడిగింది.

"ఏమే, నా మీద కోపం లేదా?" అన్నాడు శ్రీరంగం.

"కోపముంటే కడుపు నిండుతదా, సావుకారీ?"

ఆ జవాబు అతనికి నచ్చింది. అయిదేళ్లు ఆమె అక్కడ లక్క గీకింది, కడిగింది, ఎండబెట్టింది, గోనెసంచులు కుట్టింది. సుక్మా వైపు నుంచి గుగ్గిలం ఏ రోజు వస్తుందో, తలుపులు మూసి దాన్ని ఏ కొట్టులో కలుపుతారో తెలుసుకుంది. కల్తీ సంచులకు మాత్రం మూతి కుట్టులో చివరి ముడి ఎడమకు తిప్పేది. ఎవరికీ చెప్పలేదు. ఎదురుచూసింది.

డెబ్బై నాలుగు కార్తీకంలో రష్యా నుంచి ఒక పరీక్షాధికారి, భోపాల్ నుంచి ఒక అధికారి, వాళ్ల మధ్య ఒక దుబాసీ వచ్చారు. శ్రీరంగం మంచి సంచులను ముందు వరుసలో పేర్పించాడు. నిప్పుల మీద లక్కను కరిగించి దారంలా సాగదీసి చూపడం ఆనవాయితీ. ఆ పనిలో సన్నే చేయి తిరిగినది, ఆమెనే పిలిచాడు.

ఆమె ఎడమ ముడి ఉన్న సంచి విప్పి, దోసెడు తెచ్చి నిప్పుల మీద పోసింది.

తెల్లటి పొగ లేచింది. సన్నే రెండు చేతులూ జోడించింది. వెనుక లక్క గీకుతున్న ఇరవై మంది ఆడవాళ్లు కత్తులు కింద పెట్టి లేచి నిలబడి దండం పెట్టారు. సంచులు మోస్తున్న మగవాళ్లు మూటలు దించి దండం పెట్టారు. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు.

రష్యా మనిషి దుబాసీ వైపు వంగి ఏదో అడిగాడు.

"ఎవరికమ్మా ఆ దండం?" అన్నాడు దుబాసీ.

"తల్లికి. ఇది గుగ్గిలం పొగ," అంది సన్నే. "లక్క పొగకు మేము మొక్కం, సాబ్."

ఆమె లేచి ఎడమ ముడి ఉన్న సంచులన్నీ చూపించింది. అన్నింటినీ విప్పించారు. సరుకు వద్దన్నారు, సేకరణ అధికారం రద్దు చేశారు.

"పొజ్జా కలపలేదని రాయండి, సాబ్," అని సన్నే భోపాల్ అధికారిని పట్టుకుంది.

"ఆ కేసు బంద్ అయిపోయింది," అన్నాడతను జీపు ఎక్కుతూ.

చనిపోయినవాడి పేరు కడగడానికి మన చట్టంలో తీరిక దొరకదు. సన్నే ఆ తీరిక కోసం ఆగలేదు. మరుసటి సంత నాడు శ్రీరంగం ఇంటి గడప ఎదుట, దారి పక్కన, నిప్పుల మూకుడు పెట్టుకుని కూర్చుంది. చిటికెడు గుగ్గిలం వేసింది. సంతకు పోయే ప్రతి దోర్ల మనిషీ ఆగి దండం పెట్టి, పొగ వెనుక ఉన్న ఇంటిని చూసి కదిలాడు. పై సంతకూ కూర్చుంది. ఆ పై సంతకూ.

ఊరి పెద్ద ఎర్రయ్య వచ్చి కోప్పడ్డాడు. "ఏందే ఇది? ఈయేడు మన లక్క కొనేటోడు లేడు. నీ పగకు ఊరు పస్తుండాల్నా? పైగా తల్లి పొగను బజార్ల కూసోబెడ్తవా?"

"లక్క చెట్టు మీదుంటది, పెదయ్యా, యాడికీ పోదు. తల్లిని బజారుకు తెచ్చింది నేను గాదు. ఎవరు తెచ్చిండో తల్లికి సూపెడుతున్న."

ఎర్రయ్య పొగకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు నెలలు గడప దాటని శ్రీరంగం చివరికి బయటికి వచ్చాడు. చీర తెచ్చాడు, ఉప్పు బస్తా తెచ్చాడు. ఆమె కన్నెత్తలేదు.

"ఏం కావాలే నీకు?"

"ఎవరు కలిపిండో చెప్పు."

అతను గొంతు తగ్గించి, "పొజ్జా కలపలేదు. నేనే," అన్నాడు.

"వినపడలే. సంతంత వినాలె."

సంత ఆగి చూస్తోంది. శ్రీరంగం గట్టిగా చెప్పాడు. తెలుగులో చెప్పాడు, హిందీలో చెప్పాడు. ఆమె అడిగితే తడబడుతూ దోర్లీలోనూ చెప్పాడు. చెప్పి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పినగదా. ఇంక లెయ్."

సన్నే మూకుట్లో ఇంకో చిటికెడు వేసింది.

"మావోడు ఆర్నెల్లు లోపలున్నడు, సావుకారీ. నీకింకా నాలుగున్నయ్."