అమ్మమ్మ కొలతకు పెళ్లికూతురి జాకెట్టు

మొన్న మా కోడలు ఒక క్లాసుకు వెళ్లొచ్చింది. గుంటూరులో నల్లపాడు వైపు మేముండే అపార్ట్‌మెంటు కింద హాల్లో, వారానికోసారి ఆడవాళ్లందరినీ పోగేసి ఒక పంతులమ్మ క్విల్టింగ్ అని గుడ్డముక్కలు అతికి దుప్పట్లు కుట్టడం నేర్పుతోందట. ఊరికే నేర్పడం కాదు, ఎవరి మనసులోని భయాన్ని వాళ్లు ఒక గుడ్డముక్క మీద రాసి, ఆ ముక్కను దుప్పట్లో కలిపి కుట్టేస్తే భయం వదిలిపోతుందట. మా కోడలు బల్లి అని రాసింది. పక్క ఫ్లాటావిడ ఆడపడుచు అని రాయబోయి, ఆ ఆడపడుచు కూడా ఎదురు వరసలోనే సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుందని గుర్తొచ్చి, బొద్దింక అని దిద్దుకుందట.

"మీకేం భయం అత్తయ్యా, చెప్పండి, మీకూ ఒక ముక్క వేస్తాను" అని అడిగింది కోడలు. కత్తెర అన్నాను. పకపకా నవ్వింది. నవ్వదూ మరి, మిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి కత్తెరంటే భయమని చెబితే, వంటవాడు గరిటెను చూసి జడుసుకున్నట్టే ఉంటుంది. ఆ పిల్లకు ఎంత చెప్పినా ఎక్కలేదు గానీ, మన వయసువాళ్లకు ఎక్కుతుందన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను. ఆ దుప్పటిని వాళ్లు క్విల్టు అని పిలిచినా, మనం బొంత అని పిలిచినా, అందులో భయాలు కుట్టుకోవడం మాత్రం కొత్త సంగతేమీ కాదు.

నేను ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టాను. హైస్కూలు వాగు అవతల ఉండేది. వాగులో నీళ్లున్నా లేకపోయినా నన్ను అది దాటించడం మా నాన్నకు ఇష్టం లేదు, లెక్కలు దాటడం నాకు ఇష్టం లేదు, పుట్టాక మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం. తర్వాత మిరపకోతలకు తీసుకెళ్లారు. నేను కోసిన కాయలకంటే చెప్పిన కబుర్లే ఎక్కువ, పైగా ఆ కబుర్లకు నవ్వుతూ పక్కసాళ్లలో వాళ్లు కూడా చేతులు ఆపేసేవాళ్లు. ఇది చేలో ఉంటే మనకు కోత తెగదని మా అమ్మ తేల్చేసి, దర్శి దగ్గర పల్లెలో ఉన్న మా మేనత్త ఇంటికి నన్ను కుట్టుపనికి పంపించింది.

ఆ పల్లె మొత్తానికి మిషను ఉన్నది మా మేనత్తకే. మనిషి సన్నం, గొంతు మాత్రం ఊరి మైకు. కాజాలు కుట్టడం, హుక్కులు వేయడం, అంచులు మడవడం నాకు ఇట్టే పట్టుబడ్డాయి, అవన్నీ నోరు ఆడిస్తూ చేసుకునే పనులు కదా. ఆ ఊపు చూసి మేనత్త మురిసిపోయి, ఒకనాడు పక్కింటావిడ జాకెట్టు గుడ్డ ఇచ్చి కోయమంది. నేను కబుర్లు చెబుతూ చెబుతూ రెండు చేతులూ ఒకే వైపువి కోశాను. పువ్వులు ఒక పక్కనే అచ్చువేసిన గుడ్డ, తిరగేద్దామన్నా లేదు. రెండూ ఎడమచేతులే. పక్కింటావిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "నా కుడిచెయ్యి ఇంట్లో పెట్టి రమ్మంటావా ఏమే?" అని అడిగింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ రోజు నుంచి కత్తెర పట్టుకుంటే చాలు నా చేయి వణకడం మొదలుపెట్టింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, దారమే కదా. కోత తప్పితే ఎవరు అతికిస్తారు? కొత్తగుడ్డ ముందు కూర్చుంటే సుద్దగీత దగ్గరే ఆగిపోయేదాన్ని. నోరు కత్తెరలా ఆడే పిల్లకు చేతిలో కత్తెర ఆడకపోవడం ఊళ్లో పెద్ద వేడుకైపోయింది. మేనత్త కోతకు పిలిచినప్పుడల్లా గేదెకు దాహమేస్తోందని లేచేదాన్ని, ఆ గేదె నా పుణ్యాన చెరువంత నీళ్లు తాగింది. ఒకసారి తెగించి కత్తెరను ఎండు మిరపకాయల గోతంలో దాచాను. మేనత్త ఇల్లంతా వెతికి, చివరికి గోతంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని లాగి, ఆ చేత్తోనే మొహం మీద చెమట తుడుచుకుంది. ఆవిడ పెట్టిన కేకకు అరుగు మీద పడుకున్న కుక్క లేచి పోయింది, మళ్లీ సాయంత్రానికి గానీ రాలేదు.

మొహం మంట చల్లారాక ఆవిడ నన్ను తిట్టలేదు. "సరేలేవే, కొత్తగుడ్డ నీ జోలికి రాదు, నువ్వు దాని జోలికి పోవద్దు. బొంతలు కుట్టు" అంది. ఊరు ఊరంతా పత్తి పండించేవాళ్లమే, కానీ మా బొంతలో పిడికెడు పత్తి ఉండేది కాదు. పాత నేతచీరలు ఉతికి, నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా సన్నికల్లూ పొత్రమూ బరువు పెట్టి, అంచు నుంచి నడిమికి చుట్టూ తిరుగుతూ పెద్ద సూదితో టాకాలు వేసుకుంటూ పోవడమే. కోత లేని పని అని నేను సంబరపడ్డాను. మా మేనత్త ఎంత గడుసుదో అప్పటికి నాకు తెలియదు. మొదట చిరుగు దగ్గర చీరను చేత్తో చింపించింది. తర్వాత, చేత్తో చింపితే వంకర పోతోంది, కాస్త కత్తెర పెట్టవే అంది. ఆ తర్వాత పైన అతుకు వేయడానికి పాత లుంగీలోంచి నాలుగు పలకల ముక్కలు కోయమంది. నేను బిక్కమొహం వేసినప్పుడల్లా ఒకటే మాట: "బొంతకేగా, తప్పితే దాని పక్కన ఇంకోటి అతికిద్దాం." నిజంగానే తప్పిన ముక్క పక్కన ఇంకో ముక్క పడేది, చూసేవాళ్లు అదేదో కొత్త డిజైనని అడిగి మరీ కుట్టించుకునేవాళ్లు. నా ఎడమచేతులు రెండూ కూడా ఒక బొంతలో పక్కపక్కనే పడి సుఖపడ్డాయి. అలా వణుకు కొంత తగ్గింది గానీ, కొత్తగుడ్డ అనే మాట వినబడితే మాత్రం గేదె దాహం మళ్లీ మొదలయ్యేది.

ఎండలు ముదిరి పెళ్లిళ్లు ముంచుకొచ్చిన రోజుల్లో మా మేనత్తకు కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలికి పసుపు కూరిన నిమ్మకాయ తొడుక్కుని, చెయ్యి పైకి పట్టుకుని, ఊరందరినీ ఆశీర్వదిస్తున్నట్టు తిరిగేది. సరిగ్గా అప్పుడే పొరుగూరి నుంచి ఒక పెళ్లివారి సంచీ వచ్చింది. పెళ్లికూతురి పట్టుచీరలోంచి తీసిన జాకెట్టు ముక్క, దానితోపాటు పెళ్లికూతురి అమ్మమ్మకు ఒక నేత జాకెట్టు గుడ్డ, ఇద్దరివీ ఆది జాకెట్లు. మనవాళ్లకు చెప్పక్కర్లేదు, ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను: అప్పట్లో మా ఊళ్లల్లో టేపు పెట్టి ఒళ్లు కొలవడం లేదు. ఒంటికి అతికినట్టుండే పాత జాకెట్టు ఒకటి పంపిస్తే, దాన్ని గుడ్డ మీద పరుచుకుని దాని ప్రకారం కోసేవాళ్లం. అదే ఆది.

పట్టుముక్క ఒక్కటే. తప్పితే ఆ అంచు, ఆ రంగు ఇంకెక్కడా దొరకవు, పెళ్లి చూస్తే నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. మేనత్త నిమ్మకాయ వేలిని చూసుకుంది, నన్ను చూసింది. నేను గేదెను చూశాను.

"చస్తే కొయ్యనత్తా" అన్నాను.

"నువ్వు చస్తే ఎవరు కోస్తారే? కూర్చో" అంది.

సగం కుట్టిన బొంత నేల మీద పరిచే ఉంది. దాని మీదే చెక్కపలక వేయించి, పట్టుముక్క పరిపించి, "ఇది పట్టు కాదు, బొంత ముక్క. మనసులో బొంత, బొంత అనుకో" అని, నొప్పికి ఓర్చుకోలేక గోడవైపు తిరిగి మంచం మీద పడుకుంది. నేను బొంత, బొంత అనుకుంటూ సంచీలోంచి చేతికందిన ఆది తీసి పరిచాను. ఏమాశ్చర్యమో, చెయ్యి వణకలేదు. కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది. భయం పోయేసరికి నోరు కూడా తెరుచుకుని, "పెళ్లికూతురు మంచి పుష్టిగల మనిషే అత్తా" అని కూడా అన్నాను. "కలిగినింటి పిల్ల, తింటే నీకేం నొప్పి, కొయ్యి" అంది మేనత్త గోడవైపు నుంచే. ఆ ఊపులోనే కుట్టేసి, హుక్కులతో సహా ముగించి, ఊళ్లో నాలుగిళ్లకు తిరిగి నా ధైర్యం గురించి చెప్పుకొచ్చాను.

పెళ్లికి రెండు రోజులుందనగా అమ్మమ్మా మనవరాలూ బండి దిగారు. అమ్మమ్మ ముందు దిగింది, ఆవిడ దిగగానే బండి జానెడు పైకి లేచింది. వెనకాల మనవరాలు, ఎండు మిరపకాయలా సన్నగా.  ఆ పిల్లను చూడగానే, ఆ రోజు నా చేతికందిన ఆది అమ్మమ్మదని అర్థమైంది. రెండూ వెలిసిపోయి ఒకే రంగుకొచ్చిన జాకెట్లు, నేను మడత విప్పి చూసుకున్నదీ లేదు.

పిల్ల లోపలికెళ్లి వేసుకుని వచ్చింది. ఇంకో పిల్లను తోడు తెచ్చుకున్నా అందులో ఇరుకుండేది కాదు. అమ్మమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏమే పిల్లా, జాకెట్టు కుట్టమంటే షామియానా కుట్టావేంటే?"

నోరు ఊరుకోదు కదా, "పెళ్లయ్యాక ఒళ్లు చేస్తుంది కదా మామ్మా, ముందుచూపుతో" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాటకు మనుషులు నవ్వకపోవడం నాకు అదే మొదలు. పెళ్లికూతురు చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మేనత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈ మాట ఊరు దాటితే ఆవిడ మిషను మీద ఇంక దుమ్మే. నాకేమో మళ్లీ మిరపకోతలు తప్ప ఇంకో దారి ఉండదు.

మేనత్త ముందు తేరుకుంది. వదులైనదాన్ని లోపలికి మడిచి కుట్టొచ్చు, అది దారంతో పని, చిటికెలో అవుతుంది. చిక్కంతా మెడ దగ్గర. అమ్మమ్మగారి ఆది మెడ కంఠం దాకా మూసేసి ఉంటుంది, అందులో పెళ్లికూతురు పెట్టుకునే నగ ఒక్కటీ కనబడదు. మెడ కిందికి కోయాలి. ఒక్క నూలుపోగు ఎక్కువ తెగినా ఇక మడవడానికీ లేదు, అతకడానికీ లేదు. నేను గబగబా బొంత, బొంత అనుకోవడం మొదలుపెట్టాను. పైకే అన్నట్టున్నాను.

"బొంత కాదే, పట్టు. పట్టు అని తెలిసే కొయ్యి" అంది మేనత్త. "భయాన్ని చేతిలో పెట్టుకోకు, కంట్లో పెట్టుకో."

అమ్మమ్మ ఎదురుగా చతికిలబడి గుడ్డను రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆవిడ ఊపిరి నా మొహానికి తగులుతోంది. ఈసారి పెళ్లికూతురి ఆది పరిచి, మడత విప్పి చూసి, మళ్లీ చూసి, సుద్దతో గీసి, ఆ గీత మీద మళ్లీ గీసి, అప్పుడు కత్తెర పెట్టాను. ఒళ్లంతా వణికింది, చెయ్యి ఒక్కటే నిలబడింది. కోత పూర్తవగానే అందరం ఒకేసారి ఊపిరి వదిలాం, బొంత మీద దారప్పోగులు ఎగిరాయి. అమ్మమ్మ ఆ మెడను వెలుతురుకు పెట్టి చూసి, "నాకూ ఇట్టాగే కొయ్యి పిల్లా, మూసుకుని మూసుకుని ఉడికిపోతున్నా" అంది. అప్పుడు నవ్వారండీ అందరూ. పెళ్లికూతురు కూడా.

మడిచి కుట్టిన గుడ్డంతా లోపల వరసకో కుట్టుగా ఉండిపోయింది. కోసి పారేద్దామంటే మేనత్త ఒప్పుకోలేదు. ఆ ఎండల్లో పీటల మీద ఆ పిల్ల ఎంత ఉడికిందో ఆ పిల్లకే తెలుసు.

తుళ్లూరు వైపు ఇచ్చారు ఆ పెళ్లికూతుర్ని. నాకూ పెళ్లయి గుంటూరొచ్చి మిషను పెట్టుకున్నాక, వెతుక్కుంటూ వచ్చి నా దగ్గరే కుట్టించుకునేది. మొదటి కాన్పు తర్వాత ఆ పట్టు జాకెట్టు తెచ్చి, ఒక కుట్టు విప్పమంది. రెండో కాన్పుకు ఇంకోటి. పొలాలన్నీ రాజధానికిచ్చి, చేలో పని లేక ఇంటిపట్టున కూర్చున్నాక ఇంకోటి. కిందటేడు మనవరాలి ఓణీల వేడుకకు చివరి కుట్టు కూడా విప్పేశాను. వేసుకుని అద్దం ముందు నిలబడింది, ఎక్కడా ముడత లేదు, అతికినట్టు సరిపోయింది.  "మా అమ్మమ్మ వచ్చిందే" అంది. ఆ అమ్మమ్మా పోయింది, మా మేనత్తా పోయింది. నేను కోసింది తప్పు కొలత కాదని, ఆ కొలత కాస్త తొందరపడి ముందే వచ్చిందంతేనని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు జాకెట్లు ఫోనులో నొక్కితే ఇంటికొస్తున్నాయి. అందంగానే ఉంటున్నాయి, కాదనను. కానీ పాత అలవాటు పోక ఒక్కోటి తిరగేసి చూస్తాను. కుట్టు పక్కన వేలి మందం గుడ్డ కూడా వదలరు. మనిషి రేపూ ఎల్లుండీ ఇంతే ఉంటుందని అంత ధీమాగా ఎలా కోసేస్తారో గానీ, ఆ ధీమా చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ భయమే.