ఎన్ని ఉన్నాయని అడగకూడదు

జెర్సీ సిటీలో నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న అమ్మాయి నార్వే ఉత్తరపు కొస నుంచి వచ్చింది. అక్కడి ఆదివాసులైన సామీల పిల్ల. వాళ్ల నాన్న రెయిన్‌డీర్ మందను కాస్తాడు, తాతముత్తాతలూ అదే పని చేశారు. ఇద్దరం ఒకే యూనివర్సిటీలో మాస్టర్స్ చదివాం. ఇద్దరికీ మాటలు తక్కువే. సాయంత్రాలు సోఫాకి ఈ చివర నేను లైబ్రరీ పుస్తకంతో, ఆ చివర తను ఊలు అల్లికతో కూర్చుంటే, ఇంట్లో ఫ్రిజ్ చప్పుడొక్కటే వినపడేది. అంత హాయిగా నేను ఇంకెవరితోనూ ఉండలేదు.

చివరి సెమిస్టర్‌లో మా అమ్మ వచ్చింది. నిశ్శబ్దం ఆ రోజుతో సరి. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆ సంగతి అమ్మకి ఎప్పుడూ అడ్డం కాలేదు. "తిన్నవా బిడ్డా? గింతేనా తినేది? గాలొస్తే ఎగిరిపోతవ్" అని ఆ అమ్మాయితో తెలుగులోనే మాట్లాడేది. ఆ అమ్మాయి తన భాషలో ఏదో జవాబు చెప్పి పళ్లెం ముందుకు జరిపేది. అమ్మ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పబోతే ఇద్దరూ నా వైపు విసుగ్గా చూసేవాళ్లు.

ఒక ఆదివారం అమ్మ ఇండియన్ స్టోర్ నుంచి తమలపాకులు తెచ్చుకుంది. ఆ అమ్మాయి ఒక ఆకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కూరగాయల చాకుతో అంచుమీద రెండు గాట్లు పెట్టింది. కొసని ఏటవాలుగా కోసింది. ఇంకో ఆకు తీసి వేరే రకంగా కోసింది. రెండింటినీ తన తలకి అటూ ఇటూ పట్టుకుంది, చెవుల్లాగా.

"ఇది నా గుర్తు" అంది.

వాళ్లలో ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఒక చెవి గుర్తు ఉంటుందట. ఎండాకాలంలో మందను ఆవరణలోకి తోలి, ఏ తల్లి వెనక ఏ దూడ నడుస్తోందో చూసి, ఆ తల్లి ఎవరిదైతే వాళ్ల గుర్తును దూడ చెవుల్లో కోస్తారు. తన గుర్తు తన నాయనమ్మది. ఆమె పోయాక ఈమెకి ఇచ్చారు. చిన్నప్పుడు కాగితాల మీద, ఆకుల మీద కోసి నేర్చుకుందట.

"మంచిగుంది" అంది అమ్మ. ఆ రెండు ఆకులకీ సున్నం రాయకుండా పక్కన పెట్టింది.

ఆ వసంతంలోనే వాళ్ల ఇంటి నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. వాళ్ల నాన్న మంద తిరిగే చోట ఒక కంపెనీ గాలిమరలు కట్టబోతోంది. అందులో ఒక గుట్ట ఉంది. నాకు ఆ గుట్ట సంగతి అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది, ఎందుకంటే మామూలు ఏడాదిలో దాని మీదికి ఒక్క రెయిన్‌డీర్ కూడా పోదు. కొన్ని చలికాలాల్లో మంచు మీద వాన పడుతుంది. అది గడ్డకట్టి నేలంతా అద్దం పరిచినట్టవుతుంది. కింద లైకెన్ ఉంటుంది, నాచులాంటి బూడిదరంగు మేత. రెయిన్‌డీర్ దాని వాసన పట్టగలదు, గిట్టతో మాత్రం తవ్వలేదు. అలాంటి ఏడాది మందను గుట్ట మీదికి తోలతారు. అక్కడ గాలి మంచును ఊడ్చేస్తుంది కాబట్టి మేత దొరుకుతుంది. ఏ గాలి వల్ల ఆ గుట్ట మందకు పనికొస్తుందో ఆ గాలి కోసమే కంపెనీ కూడా వచ్చింది. కంపెనీ మ్యాప్‌లో మాత్రం ఆ గుట్ట 'వాడకంలో లేని నేల'.

"విత్తనం గింజలు గాదెల ఉన్నయంటే ఎవ్వరికి అక్కెర లేవనా?" అంది అమ్మ, నేను చెప్పింది విని.

"గాలిమరల మీద నాకు కోపం లేదు" అని ఆ అమ్మాయి నాతో చాలాసార్లు అంది. "ఆ ఒక్క గుట్ట వదిలెయ్యమంటున్నాం. రెక్కలు తిరిగే చోటికి తల్లి రెయిన్‌డీర్ దూడతో రాదు. గుట్ట పోతే, వాన పడ్డ మొదటి చలికాలంలోనే మంద పోతుంది."

ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లలో న్యూయార్క్‌లోని ఒక పెన్షన్ ఫండ్ ఉందని తెలిసింది. దాని బోర్డు మీటింగుల్లో ఎవరైనా పేరు ఇచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వాళ్ల నాన్న అంత దూరం రాలేడు. అది దూడలు పుట్టే కాలం. తను ఇక్కడే ఉంది కాబట్టి తనే మాట్లాడాలి. రెండు పేజీలు రాసుకుంది. మూడు నిమిషాల్లో ఒకటే అవుతుందని తేలింది. "నీ పేరు కూడా ఇవ్వు. రెండో పేజీ నువ్వు చదువు" అంది. క్లాసులో హాజరు పలకడానికే గొంతు సవరించుకునేదాన్ని నేను. వద్దనలేకపోయాను.

ఆ మీటింగుకి ముందు శనివారం మామయ్య మమ్మల్ని పార్సిప్పనీలో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. ఆయన అమ్మకి తమ్ముడు. మంచివాడు, కానీ ప్రశ్నలు ఎక్కువ. బగారన్నం వడ్డించేలోపు ఆ అమ్మాయి వీసా, కోర్సు, చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ, అన్నిటి గురించీ అడగడం అయిపోయింది.

"అండ్ యువర్ డాడ్? వాట్ డస్ హీ డూ?"

రెయిన్‌డీర్ కాస్తాడని చెప్పింది. మామయ్య మొహం వెలిగిపోయింది.

"వావ్! హౌ మెనీ?"

ఆ అమ్మాయి చెంచా కింద పెట్టింది. "సమ్" అంది.

"సమ్ అంటే? హండ్రెడ్? థౌజండ్?" ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు. "ఒక్కొక్కటి ఎంత పలుకుతదో అడుగు కోడలా. నీ ఫ్రెండ్ కోటీశ్వరురాలు, తెల్సా నీకు? మనమే వీసాలు పట్టుకుని తిరుగుతున్నం ఈడ."

ఆ అమ్మాయి మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా ఎక్కింది. తల తిప్పి కిటికీలోంచి పార్కింగ్ లాట్‌ని చూస్తూ ఉండిపోయింది.

"ఇగ ఆపుండ్రి. తిననియ్యుండ్రి ఆ పిల్లని" అంది అత్తయ్య.

"ఏం తప్పడిగిన్నే? నన్ను జీతమెంతని అడిగితే నేను చెప్పనా?"

"మీరు అడగకపోయినా చెప్తరు."

అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా మర్యాదకి నవ్వింది. అన్నం మాత్రం సగమే తింది.

ఇంటికొచ్చాక వంటగదిలో నేను సారీ చెప్పబోతే ఆపింది. "మీ మామయ్యకి తెలియదు కదా. మా దగ్గర ఆ ప్రశ్న అడగరు. నీ బ్యాంకులో ఎంతుందో అందరిముందూ చూపించు అన్నట్టు ఉంటుంది. ప్రభుత్వానికి లెక్క ఇస్తాం, చట్టం ఉంది. బయట ఎవరూ చెప్పుకోరు. మరీ పట్టుబట్టి అడిగితే మా నాన్న, చెట్టుకి ఈ పక్కా ఉన్నాయి, ఆ పక్కా ఉన్నాయి అంటాడు."

అమ్మ ఏమైందని అడిగితే చెప్పాను. "మా అమ్మ గూడ గంతే" అంది వెంటనే. "మీ బర్రె ఎన్ని శేర్లు ఇస్తదని ఎవరన్న అడిగితే, ఏదో, పిల్లలకు సరిపోతయ్, అనేది. ఒక్కనాడు గూడ లెక్క చెప్పలే. మళ్ల వీడేంది, ఆమె కడుపుల పుట్టి గట్లడిగిండు?"

మీటింగు ముందు సాయంత్రం ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. పెట్టేశాక, "వాళ్లు అడిగితే లెక్క చెప్పెయ్యమన్నాడు" అంది. "గుట్ట పోవడం కంటే నయం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు నచ్చలేదు."

పొద్దున్న ముగ్గురం ట్రైన్ ఎక్కి మన్‌హాటన్ వెళ్లాం. అమ్మ ఇంట్లో ఉండనంది. "ఆ పిల్లకు ఈడ ఎవరున్నరు?" అని చీర మీద నా వింటర్ కోటు వేసుకుని బయల్దేరింది. మీటింగు హాలు నేను భయపడినంత పెద్దది కాదు. పొడుగాటి బల్ల వెనక బోర్డు సభ్యులు, ఇటు కుర్చీల్లో మాలాంటివాళ్లు, మధ్యలో ఒక మైకు. రెండో పేజీ మడిచి చేతిలో పట్టుకున్నాను.

ఆ అమ్మాయి ఎరుపు అంచున్న నీలం గౌను వేసుకుంది. వాళ్ల పండగ బట్టలు. మెల్లగా, ఒక్క మాట తడబడకుండా గుట్ట గురించి చెప్పింది. బల్ల మధ్యలో కూర్చున్న తలనెరిసిన ఆవిడ ముందుకు వంగి వింది. పేజీ అయ్యాక చాలా దయగా అడిగింది.

"మ్యాప్‌లో ఆ గుట్టని ఎవరూ వాడటం లేదని ఉంది. మాకు ఒక అంచనా కావాలి. మీ కుటుంబానికి ఎన్ని రెయిన్‌డీర్ ఉన్నాయి?"

హాలంతా ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయి రెండు చేతులతో మైకు స్టాండు పట్టుకుంది. లెక్క మాత్రం చెప్పలేదు. ఆవిడకి అది మొండితనంలాగో దాపరికంలాగో కనిపిస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. బల్ల మీద టైమ్ అయిపోయిందని చిన్న గంట మోగింది. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది.

నా పేరు పిలిచారు. నేను కదల్లేదు. అమ్మ మోచేత్తో పొడిచింది. "లే."

మైకు దగ్గర పేజీ విప్పాను. అక్షరాలు కనపడ్డాయి గానీ వాటిని చదవాలనిపించలేదు.

"ఆ ప్రశ్న పోయిన శనివారం మా మామయ్య కూడా అడిగాడు" అన్నాను. "భోజనం దగ్గర. కాలిక్యులేటర్ తీసి మరీ."

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా వీపుకి చెయ్యి ఆనించినట్టనిపించింది. ఆ తర్వాత ఏం చెప్పానో కొంత గుర్తుంది, కొంత లేదు. వాళ్లలో మందను నలుగురిలో లెక్కించి చెప్పరని, అది దాచడం కాదని చెప్పాను. ఆమెనే చెప్పుకోమనడం బాగుండదు, అందుకే నేను చెబుతున్నానన్నాను. మా అమ్మమ్మ బర్రె సంగతి కూడా చెప్పాను. ఆ హాల్లో నేను బర్రె పాల గురించి మాట్లాడానంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "ఎన్ని ఉన్నాయని కాదు, మంచు మీద వాన పడిన ఏడాది అవి ఎక్కడికి పోతాయని అడగండి" అన్నాను. రెండో పేజీ చదవకుండానే గంట మోగింది.

తలనెరిసిన ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే నేను అదే అడుగుతాను" అని, ఆ అమ్మాయిని మళ్లీ పిలిచింది. బల్ల మీద మ్యాప్ పరిచారు. ఆ అమ్మాయి లోయలోంచి వేలు మెల్లగా పైకి జరిపింది, ఎక్కడ వాగు దాటుతారో, ఎక్కడ కుక్కల్ని వెనక్కి పిలుస్తారో చెబుతూ. ఇద్దరు సభ్యులు లేచి వచ్చి భుజం మీదుగా తొంగిచూశారు. లెక్క మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ రోజు వాళ్లు ఏమీ తేల్చలేదు. కొన్ని వారాలకి మెయిల్ వచ్చింది. మంద కాసేవాళ్లు ఒప్పుకునేదాకా ఆ గుట్ట మీద కట్టడానికి తమ డబ్బు వాడొద్దని ఫండ్ కంపెనీకి రాసిందట. లోయలో కట్టేవి ఆగలేదు. మిగతా పెట్టుబడిదారులు ఏమంటారో తెలియదు. ఆ అమ్మాయి మెయిల్ రెండుసార్లు చదివి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. "ఈ చలికాలానికైతే గుట్ట ఉంది, అన్నాడు" అని మాకు చెప్పి, వెళ్లి బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. అక్కడ దూడలకి చెవి గుర్తులు కోసే రోజులు దగ్గరపడ్డాయి. తన గుర్తు తనే కోయాలి.

ఎయిర్‌పోర్ట్‌కి మామయ్యే డ్రైవ్ చేశాడు. అమ్మ ముందు సీట్లో కూర్చుని, ఏం మాట్లాడినా బాగుండదన్నట్టు తమ్ముణ్ణి చూస్తూ ఉంది. పాపం మామయ్య టోల్ ప్లాజా దాకా నోరు మెదపలేదు. ఆ తర్వాత ఇక ఆగలేకపోయాడు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ ఇంగ్లీషులో, చాలా జాగ్రత్తగా అడిగాడు.

"మీ నాన్నగారి మంద బాగుందా అమ్మా?"

ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. "బాగుంది అంకుల్. చెట్టుకి రెండు పక్కలా ఉన్నాయి."

మామయ్య అద్దంలో చూపు నా మీదికి తిప్పాడు. "ఏ చెట్టు?" అని నన్ను అడిగాడు. "ఎంత పెద్ద చెట్టు కోడలా?"

"ముంగట చూసి నడుపురా" అంది అమ్మ.