తొంభై తొమ్మిదో సీసా

ఇరవై ఏడేళ్ల వయసులో, భాగహారానికి లొంగని సమస్య ఈ లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. నా లెక్కలు ఏ మాస్టారూ నేర్పినవి కావు. బస్సు టికెట్ల మీది అంకెలు కూడుతూ, కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ నాకు నేనే నేర్చుకున్నవి. అలా సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తప్పు దిద్దేవాళ్లు ఎప్పుడూ లేరు కనుక, తన లెక్క తప్పవచ్చన్న అనుమానమే రాదు. నాకా జబ్బు కుదిర్చింది ఒక పెద్దావిడ. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంటు వంటింట్లో జొన్నరొట్టెలు కాలుస్తూ కుదిర్చింది. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు.

అప్పట్లో ఆ ఇంట్లో మేమిద్దరం ఉండేవాళ్లం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలే. నా రూమ్మేటుది కరీంనగర్ వైపు. ఆఫీసు నుంచి రాగానే సోఫాలో వాలి, అక్కడే తిని అక్కడే నిద్రపోయేవాడు కనుక స్నేహితులంతా అతన్ని 'సోఫా' అనేవారు. ఆ వేసవిలో వాళ్లమ్మ మూడు నెలలు ఉండడానికి వచ్చింది. మొదటిరోజు నేను మర్యాదగా "ఆంటీ" అన్నాను. "ఆంటీ ఏంది బిడ్డా? పెద్దమ్మా అను. ఆంటీ అంటే నేనేదో బ్యాంకుల పనిచేస్తున్నట్టుంటది" అంది.

నా దగ్గర పుస్తకంలా మడిచే రెండు తెరల గేమ్ కన్సోల్ ఒకటి ఉండేది. అందులో ఒక కథ ఆట. పడవవాడి కూతురొకతె లాంతరు పట్టుకుని, తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. దారిలో రాక్షసులతో యుద్ధాలు, తలుపు తలుపుకూ ఒక చిక్కు. అద్దాలు తిప్పి వెలుగును మళ్లించాలి, మంచు మీద బండలు జార్చాలి. ఆ చిక్కులంటే నాకు ప్రాణం. గళ్ల కాగితం మీద గీసుకుని, బండ ఏ గడిలో ఆగుతుందో లెక్క కట్టి, ఒక్క తప్పూ లేకుండా తోసేవాణ్ని. సాయంత్రాలు పెద్దమ్మ పొయ్యి దగ్గర, నేను పక్కన స్టూలు మీద. తెర మీది మాటలన్నీ ఆవిడకు తెలుగులో చెప్పడం నా డ్యూటీ. "నీకు మస్తు బుర్ర ఉంది బిడ్డా" అనేది తలుపు తెరుచుకున్నప్పుడల్లా. సోఫా తన సోఫాలోంచే, "ఎక్కువ పొగడకే అమ్మా, రేపట్నుంచి కంచంల మెతుకులు గూడ లెక్కపెడతడు" అనేవాడు. పెద్దమ్మకు మాత్రం ఆ ఆటలోనివాళ్లంతా పక్కవీధి మనుషులే. "పొద్దటి సంది తిరుగుతాంది గా పిల్ల, ఏమన్న తిన్నదా?" అని అడిగేది.

ఆ ఆటలో నా గర్వమంతా మందు సీసాలు. సంచిలో తొంభై తొమ్మిదికి మించి పట్టవు. నేను సరిగ్గా తొంభై తొమ్మిదీ నింపాను. ఒక్కటీ వాడలేదు. ఆ పిల్లకు ఎంత దెబ్బ తగిలినా, కుంటుకుంటూ వెనక్కి నడిపించి, దగ్గరి ఊళ్లో సత్రంలో పడుకోబెట్టేవాణ్ని కానీ సీసా మూత తియ్యలేదు. ముందు ముందు ఇంతకన్నా పెద్ద ఆపద రావచ్చు కదా! (ఎంత పెద్ద ఆపదకు సీసా తియ్యాలో మాత్రం ఎప్పుడూ లెక్క కట్టలేదు.)

ఆ సత్రం ముందు బావి దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. "దగ్గు తగ్గడం లేదు తల్లీ, ఒక సీసా ఇస్తావా?" అన్నాడు ఒకరోజు. అదే పెద్దమ్మకు చెప్పాను. "అయ్యో, ఇయ్యి ఇయ్యి" అని ఆవిడ రొట్టె తిప్పడానికి అటు తిరిగింది. తెర మీద ఇస్తాను, ఇవ్వను అని రెండు గడులు. ఇస్తే తొంభై ఎనిమిది అవుతాయి. బదులుగా ఏం వస్తుందో ఎక్కడా రాసి లేదు. 'ఇవ్వను' నొక్కాను.

"ఇచ్చినవా?"

"ఆఁ" అన్నాను.

ఆ తరవాత సత్రానికి వెళ్లినప్పుడల్లా బావి దగ్గర 'ఖళ్ ఖళ్' మనేది. "గా మందు పని చేస్తలేదా బిడ్డా?" అనేది పెద్దమ్మ. "కొంచెం టైం పడుతుంది పెద్దమ్మా" అనేవాణ్ని, తల ఎత్తకుండా.

ఆవిడ ప్రయాణం ఇంకో వారం ఉందనగా మేము ఒక ఇనుప తలుపు దగ్గర ఆగిపోయాం. దాని అవతలే తమ్ముడు ఉన్నాడట. కాపలావాడు మాత్రం "నీ పని ఇంకా పూర్తి కాలేదు, వెళ్లిరా" అన్న ఒక్కమాట తప్ప ఇంకేమీ చెప్పడు. బలం చాలలేదన్నమాట అనుకున్నాను. చెరువు పక్కన కప్పలుంటాయి, ఒక్కో కప్పను కొడితే ఏడు పాయింట్లు. పై మెట్టుకు కావలసినవి తొమ్మిది వేల నాలుగు వందలు. అంటే వెయ్యిన్నీ మూడు వందల నలభై మూడు కప్పలు. కప్పకు నలభై సెకన్ల చొప్పున పద్నాలుగు గంటల యాభై అయిదు నిమిషాల ఇరవై సెకన్లు.

"శనివారం నా ఫ్లైటు. ఆలోపల దొరుకుతడా పిల్లగాడు? దొరకకుంటే ఇంటికి పోయినంక గూడ నాకు గదే మనాది" అంది పెద్దమ్మ.

"గురువారానికి తలుపు తీయిస్తాను పెద్దమ్మా. లెక్క కట్టాను."

లంచ్ టైంలో కప్పలు. కుక్కర్ కూత పెట్టేలోపు కప్పలు. "పాపం, అవేం చేసినయ్ బిడ్డా?" అని పెద్దమ్మ అడుగుతూనే ఉంది. గురువారం సాయంత్రం వెయ్యిన్నీ మూడు వందల నలభై మూడో కప్పను కొట్టి, కాలరు సర్దుకుని తలుపు దగ్గరికి వెళ్లాను.

"నీ పని ఇంకా పూర్తి కాలేదు, వెళ్లిరా."

శుక్రవారం సాయంత్రం సూట్‌కేసు తూచే పని. ఇరవై మూడు కిలోలు దాటకూడదు. కాటా ఇరవై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు చూపిస్తోంది. "మోకాళ్ల నొప్పుల మాత్రల సీసాలు రెండు తీసేస్తే సరిపోతుంది" అని తేల్చాను. పెద్దమ్మ రెండు సీసాలూ చేతిలోకి తీసుకుంది. "ఏది తీయాలె? ఇది పాలు తెచ్చే లచ్చవ్వది. ఇది బీడీలు చేసే రాజవ్వది. కూసుంటే లేవరాదు దానికి."

ఆటలో పిల్లను సత్రం ముందే నిలబెట్టి, గట్టు మీద తెరిచి పెట్టిన కన్సోల్‌లోంచి సరిగ్గా అప్పుడు వినిపించింది: ఖళ్ ఖళ్.

పెద్దమ్మ సీసాలు పట్టుకునే నా వైపు తిరిగింది. "బిడ్డా, నిజం చెప్పు. ఆయనకు మందిచ్చినవా?"

నేను కాటా వైపు చూశాను. "ఇవ్వలేదు పెద్దమ్మా."

"నీకాడ ఎన్నున్నయ్?"

"తొంభై తొమ్మిది."

సోఫా లేచి కూర్చున్నాడు. (నేను చూడగా అదే మొదటిసారి.) "తొంభై తొమ్మిదా! మెడికల్ షాపు పెట్టినవా రా?"

పెద్దమ్మ నవ్వలేదు. "రెండు నెలల సంది దగ్గుతాండు గా ముసలాయన. నువ్వేమో సంచిల మందు పెట్టుకొని కప్పల్ని సంపుకుంట కూసున్నవ్."

వెంటనే ఇచ్చాను. సంచి మీది అంకె తొంభై ఎనిమిది అయింది. ముసలాయన తాగాడు, దగ్గు ఆగింది. కర్ర తీసుకుని ఆ పిల్ల వెనకాలే బయలుదేరాడు. ఇనుప తలుపు దగ్గర ఆగి కాపలావాడితో, "ఈ పిల్ల నాకు తెలుసురా, పోనీ" అన్నాడు. అంతే. అన్ని కప్పలకు కదలని తలుపు కిర్రుమని తెరుచుకుంది. అవతల ఏటి ఒడ్డున తమ్ముడు నీళ్లలోకి రాళ్లు విసురుతూ కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ల మాటలు ఒక్కటీ వదలకుండా తెలుగులో చెప్పాను.

"అక్కను గుర్తువట్టిండా?"

"పట్టాడు పెద్దమ్మా."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, "ఇగ తూచు సూట్‌కేసు" అంది. నేను లచ్చవ్వ సీసా, రాజవ్వ సీసా రెండూ లోపల పెట్టి, మా అన్నయ్యకు పంపుదామని ఇరికించిన బాదం పప్పు ప్యాకెట్టు బయటికి తీశాను. కాటా ఇరవై రెండు కిలోల తొమ్మిది వందలు చూపించింది. పెద్దమ్మ అది చూసి సూట్‌కేసు జిప్పు లాగింది. వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "బుర్రైతే ఉంది బిడ్డా" అంది. ఆ 'అయితే'ను ఎన్నిసార్లు భాగించినా నాకు ఇప్పటికీ శేషం మిగులుతూనే ఉంది.

ఇప్పుడు నాకు నలభై ఆరు. మొన్న సొరుగు సర్దుతుంటే కన్సోల్ దొరికింది, దాని చార్జర్‌తో సహా. తెరిచి చూస్తే తొంభై ఎనిమిదీ అలాగే ఉన్నాయి. పెద్దమ్మ చూస్తే ఏమంటుందోనని, సంచి నిండా మందుతో ఆ ఊళ్లో గడప గడపా తొక్కాను. అంతా పలకరించారు కానీ ఒక్కరూ మందు అడగలేదు. చివరికి బావి దగ్గరికి వెళ్లి, ఒక్కసారి దగ్గవయ్యా మహానుభావా అని తెరను బతిమాలుకున్నాను.

దగ్గలేదు. "బాగున్నావా తల్లీ?" అన్నాడు.