ఏసుదానం తెచ్చిన సముద్రం

ఏసుదానానికి ఒక జబ్బుండేది. ఏ నీళ్ళు చూసినా మరగబెట్టి గింజ కట్టించాలనిపించేది. పాపం, అది ఆయన తప్పు కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా చెరుకు పాకం మరిగే చోటే నిలబడ్డ మనిషి. చుక్క పాకాన్ని రెండు వేళ్ళ మధ్య రాసి, చక్కెర గింజ ఎంత పడిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

ఆయన భార్య శారమ్మకు సముద్రం పిచ్చి. చర్చిలో పాదిరిగారు సముద్రం ఊసెత్తిన ప్రతి ఆదివారం, ఇంటికి రాగానే మనమెప్పుడు పోతామని అడిగేది. చెరుకు క్రషింగ్ అయిపోనీ అనేవాడు ఏసుదానం. క్రషింగ్ అయ్యేది, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు యంత్రాల రిపేర్లు వచ్చిపడేవి. అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి. తొమ్మిదో ఏడు శారమ్మ బావి దగ్గర జారిపడింది. కాళ్ళలో సత్తువ పోయి మంచానికే అంటుకుపోయింది.

అరవై ఏడు జూన్‌లో ఆమే ఆయన్ను వెళ్ళగొట్టింది. తనకు తోడుగా నవీపేట నుంచి చెల్లెలు కమలమ్మను పిలిపించుకుంది.

"నువ్వన్న సూసిరా. నాకింత సముద్రం పట్కరా," అంది.

విశాఖలో అప్పటికి వేసవి సెలవుల జనం వెళ్ళిపోయారు, వానలింకా దిగలేదు. లాడ్జి మొత్తానికి ఏసుదానం ఒక్కడే. ఒడ్డున మరమరాల బండి కూడా లేదు. అల వచ్చి కాళ్ళకింది ఇసుకను లాక్కుపోతే ఆయనకు భయమేసింది, నవ్వొచ్చింది. ఆ నవ్వు చూడడానికి పక్కన శారమ్మ లేదని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంత నీళ్ళ ముందు ఆయనకు ఒక్క మనిషే కావాలనిపించింది.

సీసాలో ఎంత పడుతుంది? ఇన్నేళ్ళుగా అడిగిన భార్యకు సీసెడు నీళ్ళు తీసుకుపోతే ఏం మర్యాద? ఎకరాల చెరుకును బస్తాల్లోకి దించే మొనగాడు కదా! గిరాకీ లేక లాడ్జి పొయ్యి ఖాళీగా ఉంది. వంటమనిషిని బతిమాలుకుని, మూడు రోజులు బిందెలు మోసి మరిగించాడు. వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. భలే గింజ. రుమాల్లో మూటగట్టుకుని, పెళ్ళికొడుకులా రైలెక్కాడు.

శారమ్మ మూట విప్పింది. ఒక పలుకు నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు మనింట్ల లేదా? నీళ్ళల్ల కాళ్ళు పెట్టుకుందామనుకున్న."

ఇరవై రెండేళ్ళ పనితనం గంగలో కలిసింది. తొమ్మిదేళ్ళు అడిగిన మనిషికి మళ్ళీ ఇంతేనా చేసింది అని ఏసుదానం కుమిలిపోయాడు. కాసేపటికి లేచి, వెడల్పాటి ఇత్తడి తాంబాళం నిండా నీళ్ళు పోశాడు. తన చేత్తో కట్టించిన గింజనంతా తన చేత్తోనే అందులో కరిగించాడు. శారమ్మను మంచం అంచుకు జరిపి, పాదాలు తాంబాళంలో పెట్టి, దాన్ని ఒక పక్క మెల్లగా ఎత్తాడు. నీళ్ళు మడమల దాకా వచ్చి వెనక్కి పోయాయి.

"గిట్లనే వస్తదా?" అంది శారమ్మ కళ్ళు మూసుకుని.

"గిట్లనే. పోతది, మళ్ళొస్తది."

"ఇంకోపారి రానియ్యి."

పొద్దుగూకే దాకా ఆయన తాంబాళం ఎత్తుతూనే ఉన్నాడు.