క్యారియర్ మీద కూర్చుంటేనే బేరం

బాగేపల్లిలో మా పాత సైకిళ్ళ అంగడికి ఒక పద్ధతి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు వెనక క్యారియర్ మీద కూర్చోవాలి. మా నాయన తొక్కుతాడు. అంగడి ముందర నుంచి హైస్కూలు దాకా రోడ్డంతా మిట్ట. ఇద్దరి బరువుతో ఆ మిట్ట చప్పుడు లేకుండా ఎక్కితేనే సైకిలు అమ్మేది. పైకి చేరాక నాయన దిగి, హ్యాండిల్ కొన్నవాళ్ళ చేతికిచ్చి, తాను నడిచి కిందికి వచ్చేస్తాడు. మిట్ట ఎక్కలేని సైకిలుకు రంగేసి, కొత్త సీటు తొడిగి ఎవరికో అంటగట్టడం మా ఇంటా వంటా లేదు.

చింతామణి సంతలో, చిక్కబళ్ళాపురంలో పాత ఇనుము అమ్మే గుజిరీ అంగళ్ళలో పాత సైకిళ్ళు ఏరుకొచ్చి, విప్పి, కడిగి, గ్రీజు పెట్టి నిలబెట్టడం నేను నాయన దగ్గరే నేర్చుకున్నాను. ఆఫీసు ఉద్యోగం మానేసి వచ్చి స్పానర్ పట్టుకుందని మా అత్తలు మూతి తిప్పుకున్నారు. తిప్పుకోనీ. చక్రం వంకర తీయడంలో ఈ మూడూళ్ళలో నా చేతికి సాటి లేదని నేనే చెప్పుకుంటాను. ఎవరో చెప్పేదాకా కాచుకునే ఓపిక నాకు లేదు.

మిట్ట మాత్రం నాయనదే. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. సగం మిట్టకే కాలు కింద పెట్టేయడం మొదలైంది. ఒకరోజు టీ తాగుతూ మాట తేల్చేశాడు.

"మిట్ట ఎక్కీకుండా అమ్మితే అది మోసమమ్మా. నాతో ఇంక కాదు. ఈ నెలతో షట్టరు దించేద్దాం."

"నేను తొక్కుతా కదా నాయనా."

"తొక్కుతావులే. నీ ఎనక కూసునేదెవురు? మన పక్క మొగోళ్ళు ఆడమనిషి ఎనక సైకిల్లో కూసుంటారా?"

నాకు ఒళ్ళు మండింది. అంగడి మూస్తే నేను మళ్ళీ ఎవరి ఆఫీసులోనో కంప్యూటరు ముందర కూర్చోవాలి. ఇంత బాగా వచ్చిన పనిని ఎవరి మొహమాటం కోసమో వదులుకోవాలా? గట్టిగా జవాబు చెబుదామనుకున్నాను. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నా వెనక ఇంతవరకు ఏ మగవాడూ కూర్చోలేదు.

ఆ వారంలోనే చాకవేలు నుంచి ఒక రైతు వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఊళ్ళో నలుగురు లేచి నిలబడే మనిషి. కొడుకు బండి ఎత్తుకుపోతే పాల టైముకు ఇంటికి రాడట. అందుకని డైరీకి పాల క్యాన్లు మోసే సైకిలు ఒకటి కావాలట. చాలా ఏండ్ల కిందట నాయన వెనక ఇదే మిట్ట ఎక్కినవాడు కూడా. నాయన స్వయంగా చూసి, బాగుందని నిలబెట్టిన నల్ల సైకిలును ఎంచుకున్నాడు.

"మీ నాయనను రమ్మనమ్మా, ఎక్కిద్దాం," అన్నాడు.

"ఆయనకు మోకాళ్ళు నొప్పులప్పా. ఇంక నేనే తొక్కేది. కూసో."

ఆయన ఎదురుగా ఉన్న టీ అంగడి వైపు చూశాడు. అక్కడ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి.

"నీ ఎనక నేను కూసునేదా? నలుగురు చూస్తే ఏమనుకుంటారమ్మా?"

"కూసోకుంటే సైకిలు లేదప్పా. మా నాయన తొక్కేటప్పుడు అంతే, ఇప్పుడూ అంతే."

ఇద్దరం నాయన వైపు చూశాం. ఆయన బోల్టుల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. చివరికి ఆ రైతే పంచె ఎగదోపి, ఏదో ముళ్ళ మీద కూర్చున్నట్టు క్యారియర్ మీద కూర్చున్నాడు. టీ అంగడిలో ఎవరో ఈల వేశారు. వాళ్ళ సంగతి తర్వాత చూద్దామని పెడల్ తొక్కాను.

సగం మిట్ట ఎక్కామో లేదో, కాళ్ళ కింద టక్కుమంది. ఇంకో తొక్కు తొక్కాను. మళ్ళీ టక్కుమంది. ఆపేశాను.

"దిగప్పా. ఇది అమ్మేది కాదు."

"ఆయాసమొచ్చి సైకిలు మీద పెడతాండావా?" అని నవ్వాడు.

సైకిలును రోడ్డు పక్కన పడుకోబెట్టి, పెడళ్ళ ఇరుసు పైన గొట్టం అతికినచోట ఇంటి తాళంచెవితో గీకాను. రంగు రాలింది. కింద వెంట్రుకంత పగులు.

"పాల క్యాన్లు ఏసుకొని దిగుడులో పోతాంటే ఇది ఇరుగుతాది. పాలతోపాటు నీ పండ్లు కూడా రోడ్డు మీదే ఉంటాయి," అన్నాను.

ఆయన ఆ పగులును వేలితో తడిమి నాతో పాటు కిందికి నడిచాడు. అమ్ముడుపోని సైకిలును నెట్టుకుంటూ టీ అంగడి ముందర నుంచి వచ్చాను. నాకైతే ఊరేగింపులో వస్తున్నట్టుంది. ఎవరూ ఈల వేయలేదు.

నాయన పగులును చూశాడు. "నా కంటికి కనపడలేదే," అన్నాడు.

నేను ఆకుపచ్చ సైకిలును బయటికి తీశాను. ఈసారి చెప్పే పని లేకుండానే రైతు పంచె ఎగదోపి కూర్చున్నాడు. హైస్కూలు దాకా చైను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పైన హ్యాండిల్ అందుకుంటూ, "మీ నాయన కంటే నువ్వే మొండిదానివమ్మా," అని, బెల్లు కొట్టుకుంటూ పోయాడు. నాకు అంతకంటే పెద్ద మెప్పు అక్కర్లేదు.

నేను నడిచి కిందికి వచ్చేసరికి, నాయన ఇంకో సైకిలును అంగడి ముందర నిలబెట్టి, క్యారియర్ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఇది ఎవురికి నాయనా?"

"ఎవురికీ కాదు. నేను కూసుంటా, తొక్కు."

జన్మలో ఎవరి వెనకా కూర్చోని మనిషి ఆయన. నా తొక్కుడులో ఏదో తప్పు పట్టాడనుకున్నాను. సరేనని ఎక్కించుకున్నాను. సీటు కింద కడ్డీని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. పైన దిగి, మోకాళ్ళు రుద్దుకుంటూ కాసేపు మా అంగడి వైపు చూశాడు.

"ఇన్నేండ్లు నా ఎనక కూసున్నోళ్ళకు ఎట్లుండిందో నాకు తెలీదు. నీ ఎనక నాకు భయం కాలేదమ్మా. రేపు షట్టరు నువ్వే ఎత్తు."

మా పద్ధతి ప్రకారం హ్యాండిల్ ఆయనకివ్వబోయాను. ఆయన తీసుకోలేదు. తిరిగి క్యారియర్ మీదే కూర్చొని, "పోదాం పా, అంగడి కాడ ఎవురన్నా కాచుకోనుంటారు," అన్నాడు.